గద్దకొండ మీద క్యాంపు

గురువారం పొద్దున రెండో లోటా కాఫీ తాగుతూ హెడ్ గుమాస్తా ప్రాణేశరావు ఒక నిర్ణయానికి వచ్చాడు. వచ్చే ఆదివారం కొండెక్కాలి. ఆ రాత్రి కొండమీదే పడుకుని సోమవారం సాయంకాలానికి దిగి రావాలి. సోమవారం కూడా సెలవే.

ఈ సంగతి చెప్పగానే ఆయన భార్య నాగలక్ష్మమ్మ విసనకర్ర విసరడం ఆపేసింది.

"ఏ దేవుడికి మొక్కుకున్నారు?" అంది.

"మొక్కు కాదు. క్యాంపు."

"కచేరి పనా?"

"కచేరి పని కాదు. ఊరికే, హాయిగా."

"ఊరికే కొండెవరెక్కుతారండీ! మేకలైనా ఆకు దొరుకుతుందనే గదా ఎక్కేది?"

ప్రాణేశరావు పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నాడు. అందులోనే చదివాడు. ఎండాకాలం రాగానే తెల్లదొరలు కొండలమీదికి పోయి గుడారాల్లో ఉంటారట. అక్కడ నడుస్తారట, గాలి పీలుస్తారట, దిగి వచ్చేసరికి పదేళ్ళు చిన్నవాళ్ళవుతారట. ప్రాణేశరావుకు నలభై ఎనిమిదేళ్ళు. పదేళ్ళు పోతే ముప్పై ఎనిమిది. అది మంచి వయసని ఆయనకు గుర్తుంది.

అది పందొమ్మిది వందల ముప్పై ఆరు, మే నెల. కడప జిల్లాకు ఎండలు కొత్త కాదు గాని, ఆ ఏడు ఎండ మనుషులమీద పగబట్టినట్టు కాసింది. తాలూకా కచేరిలో సిరాబుడ్డి మూత తీసి మరిచిపోతే సాయంకాలానికి అడుగున నల్లటి పొడి మిగిలేది. పైగా తహసీల్దారు మహానందయ్యగారికి కామెర్లు వచ్చాయి. కర్నూలు పక్కన కల్లూరులో ఎవరో పసరు పోస్తారని తెలిసి, ఆయన బుధవారమే సెలవుచీటీ రాసిచ్చి వెళ్ళిపోయాడు. "కళ్ళు పచ్చబడినవి, మంచం దిగలేకున్నాను" అన్న ఆ చీటీ చదివి ప్రాణేశరావు నిజంగానే బాధపడ్డాడు. బాధ కొంచెం తగ్గాక క్యాంపు ఆలోచన వచ్చింది.

కచేరికి పోగానే మొదట రికార్డు గదిలోకి తొంగిచూశాడు. రికార్డు గుమాస్తా గౌస్ పీర్ ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ లేని గదిలో పాత కట్టల మధ్య కూర్చుని, తానూ ఒక పాత కట్టలాగే అయిపోయాడు.

"గౌస్ పీర్, ఆదివారం గద్దకొండ ఎక్కుదాం. క్యాంపు."

"పైన గాలి ఉంటాదా రావుగారూ?"

"గాలే గాలి."

"అయితే వస్తా. గాలి ఎట్లుంటాదో మరిచిపోయి శానా దినాలయింది."

మూడోవాడు బిళ్ళ బంట్రోతు బొజ్జన్న. భుజానికి అడ్డంగా తోలు పట్టా, దానిమీద అరచేయంత ఇత్తడి బిళ్ళ వేసుకుని కచేరి గుమ్మంలో నిలబడడం అతని ఉద్యోగం. "తిండి సంగతేంది సామీ?" అని ఒక్కటే అడిగాడు. ఎవరి మూట వాళ్ళదేనని తెలిశాక, "అయితే నాది పెద్దదిగా కట్టుకుంటా" అని ఒప్పుకున్నాడు.

ఇక నీళ్ళ సంగతి మిగిలింది. గద్దకొండ కింద ఊటపల్లె అని ఒక ఊరుంది. ఊట ఆ ఊరి పేరులో తప్ప ఇంకెక్కడా లేదు. అయినా ఆ ఊరి కరణానికి ఒక ముక్క రాస్తే రెండు కడవల నీళ్ళయినా కొండమీదికి చేర్పించకపోతాడా అని ప్రాణేశరావు అనుకున్నాడు.

"బొజ్జన్నా, ఊటపల్లెకు రాయాల. కాగితం తే."

బొజ్జన్నకు 'ఊటపల్లె కాగితం తే' అన్నట్టు వినబడింది. లోపలికి పోయి, హెడ్ గుమాస్తా బల్ల వెనక ఊటపల్లె పేరున్న కట్ట విప్పి, పైనున్న కాగితం లాగి తెచ్చాడు. వెనకవైపు ఖాళీగా ఉంది. సర్కారు కాగితం వృథా చేయడం ప్రాణేశరావుకు గిట్టదు. ముందువైపు ఏముందో తిప్పి చూడకుండానే కలం ముంచాడు. పాతికేళ్ళుగా తాకీదులు రాసి రాసి ఆ చేతికి ఇంకో భాష రాదు. "ఆదివారం ఉదయం గద్దకొండమీద క్యాంపు. ఊటపల్లె నీళ్ళ ఏర్పాటు ఆనాడే జరిగి తీరవలెను. ఇందులో ఎట్టి జాప్యమూ సహింపబడదు" అని రాశాడు. రెండు కడవల మాట రాయడం తాకీదు హోదాకు తక్కువగా తోచి వదిలేశాడు.

ఆయన అటు తిరగగానే బొజ్జన్న ఆ కాగితంమీద కచేరి ముద్ర గట్టిగా ఒకటి గుద్దాడు. ముద్ర లేని కాగితం చూస్తే ఏ కరణమైనా దాంతో చుట్ట వెలిగించుకుంటాడని అతని అనుభవం.

ఆదివారం కోడికూతకే బండి కట్టారు. ముగ్గురు మనుషులకు మూడు మూటలు, మూడు మంచినీళ్ళ చెంబులు. ప్రాణేశరావు మూటలో పులిహోర, దద్దోజనం, వాటిపైన నాగలక్ష్మమ్మ నమ్మకం లేకుండానే కట్టిచ్చిన శొంఠిపొడి. గౌస్ పీర్ మూటలో అతని భార్య మాబున్నీసా కాల్చిన జొన్నరొట్టెలు, గోంగూర. బొజ్జన్న మూటలో ఏముందో తెలియదు గాని, అది ఎక్కగానే బండి ఒక పక్కకు ఒరిగింది. ప్రాణేశరావు నెత్తిమీద ఎవరో దొర వేలంలో అమ్మేసిపోయిన టోపీ ఉంది. అది చెవులదాకా దిగి, దారి చూడాలంటే తల వెనక్కి వంచాల్సి వచ్చేది.

"సెలవుదినం గదా, ఆ బిళ్ళ ఎందుకప్పా?" అని ఆయన బొజ్జన్నను అడిగాడు.

"ఇది లేకుంటే నన్నెవురూ గుర్తుపట్టరు సామీ. మా ఇంట్లోది కూడా."

బద్వేలు రోడ్డు వదిలి బండి ఊటపల్లె దారి పట్టేసరికి పొద్దు బారెడెక్కింది. దూరంనుంచే పలకల మోత వినిపించింది. కొండ మొదట్లో పచ్చకొమ్మలతో పందిరి వేసి ఉంది. పందిరి కింద ఊరంతా ఉంది. బండి ఆగీ ఆగకముందే ఊటపల్లె కరణం చిదంబరయ్య పరుగెత్తుకొచ్చి, గన్నేరుపూల దండ ప్రాణేశరావు మెడలో వేసి, టోపీ తగిలి దండ నిలవకపోతే టోపీమీదనే వదిలేశాడు.

"రావుగారూ," అన్నాడు గౌస్ పీర్ చిన్నగా, "యాడో పొరపాటు జరిగినట్టుండాది."

"పొరపాటేముంది? పల్లెల్లో హెడ్ గుమాస్తా అంటే ఇట్లాగే ఉంటుంది" అన్నాడు ప్రాణేశరావు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆయన మెడలో దండ పడడం అదే మొదలు. పెళ్ళినాటిది లెక్కలోకి రాదు.

చిదంబరయ్య చేతులు నలుపుకున్నాడు. "తమరి తాకీదు చూసినప్పటినుంచి ఊళ్ళో పిల్లాజెల్లా నిద్రపోలేదు. ఆ నీళ్ళ సంగతి..."

"నీళ్ళు శానా ముఖ్యం" అన్నాడు ప్రాణేశరావు గొంతు సవరించుకుని. "నీళ్ళు లేనిదే మనిషి బతకలేడు."

జనమంతా ఒక్కసారి హో అని అరిచారు. పలకలు అదిరాయి. ఒక ముసలాయన కండువాతో కళ్ళొత్తుకున్నాడు. తాను ఇంత బాగా మాట్లాడగలనని ప్రాణేశరావుకు అంతవరకు తెలియదు.

"మరి యాడ కావాలంటారు? కిందనా, పైనా?" అన్నాడు కరణం.

"పైనే. కొండమీద. నీడ ఉన్నచోటు చూసి."

"కొండమీదనా!"

"కింద ఎవరికి కావాలయ్యా?"

కరణం వెనక్కి తిరిగి, "పైనంట" అన్నాడు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "సర్కారుకు తెలీనిది మనకు తెలుస్తాదా?" అని ఎవరో అన్నారు. అంతే, గడ్డపారలు, పారలు, తట్టలు భుజాలకెక్కాయి.

"వాళ్ళకు గడ్డపారలెందుకు?" అన్నాడు గౌస్ పీర్.

"గుడారం మేకులు కొట్టడానికై ఉంటాయి."

"మనకు గుడారం లేదు గదా?"

"ఆ సంగతి వాళ్ళకేం తెలుసు?"

అలా ముగ్గురు అనుకున్న క్యాంపు నూటయాభై మందితో, రెండు పలకలతో కొండెక్కడం మొదలుపెట్టింది. ముందు ప్రాణేశరావు. నడకకు ఆసరాగా ఉంటుందని బొజ్జన్న వేపచెట్టునుంచి ఒక పంగల కర్ర విరిచి ఆయన చేతికిచ్చాడు. ఆ సీమలో బావి తవ్వే చోటు వెతికేవాళ్ళు పట్టుకుని తిరిగేది కూడా సరిగ్గా అలాంటి పంగల కర్రే. ఆ సంగతి ప్రాణేశరావుకు ఆ సమయంలో తట్టలేదు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం తట్టింది.

నూరడుగులు ఎక్కగానే ఆయనకు ఆయాసం వచ్చి ఒక బండ పక్కన కూలబడ్డాడు. వెంటనే ఒక మనిషి సున్నపుకుండతో వచ్చి, ఆయన చుట్టూ తెల్లగా గుండ్రటి గీత గీసి, దణ్ణం పెట్టి పోయాడు. ఇదీ ఒక మర్యాదేమో అనుకుని ప్రాణేశరావు కూడా దణ్ణం పెట్టాడు. ఇంకొంత దూరం పోయాక గులకరాళ్ళమీద కాలు జారి, పంగల కర్ర నేలకు గుచ్చుకుని, దాని వెనకే ఆయన బోర్లా పడ్డాడు. జనం ఈలలు వేశారు. అక్కడా సున్నం పడింది. మూడోసారి నీడ కోసం కూర్చున్నాడు. నాలుగోసారి ఇక కదలలేక కూర్చున్నాడు.

ఆ నాలుగో చోట ఊరు రెండుగా చీలింది. తగువుకు ముందు నిలబడింది పైవీధి లక్ష్మన్న, కిందివీధి తిమ్మన్న.

"ఈ నాలుగోకాడ శానాసేపు కూచున్నాడప్పా. ఈడనే ఎక్కువుండాయి" అన్నాడు లక్ష్మన్న.

"నీ మొగం! రెండోకాడ ఏకంగా పడినాడు. కూచునేది వేరే, పడేది వేరే."

"కాలు జారి పడినాడు."

"కర్ర లాగింది కాబట్టి పడినాడు! నేను కండ్లారా చూసినా."

మాటామాటా పెరిగి పారలు పైకి లేచాయి. చివరికి తిమ్మన్న వచ్చి ప్రాణేశరావు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సామీ, తప్పుగా అనుకోవద్దు. ఇంకొకసారి పడతారా? ఈ తూరి అందరం సరిగ్గా చూసుకుంటాం."

అప్పుడు మొదటిసారి ప్రాణేశరావుకు గౌరవంమీద అనుమానం కలిగింది. ఆయన గౌస్ పీర్ వైపు చూశాడు. గౌస్ పీర్ అప్పటికే కరణం దగ్గరికి పోయి తాకీదు అడిగి తీసుకున్నాడు. దాన్ని చదివాడు. ముద్ర చూశాడు. తిప్పి ముందువైపు చదివాడు. తరవాత మెల్లగా వచ్చి ప్రాణేశరావు పక్కన కూర్చున్నాడు.

"రావుగారూ, మనం క్యాంపు ఉత్తరం దేని వెనక రాసినామో తెలుసునా?"

"ఏదో పాత కాగితం."

"ఊటపల్లెవాళ్ళ అర్జీ. ఊళ్ళో బావి ఎండిపోయింది, కొత్త బావి తవ్వించండని. మూడేండ్లనాటిది. దాని వెనక మీ చేత్తో నీళ్ళ ఏర్పాటు జరిగి తీరవలెనని ఉండాది. పైన కచేరి ముద్ర."

"ముద్ర ఎవడు వేశాడు?"

బొజ్జన్న కొంచెం దూరంలో నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

ప్రాణేశరావు కాగితం లాక్కుని ముందువైపు చూశాడు. అర్జీ అంచున ఒకదాని కింద ఒకటి మూడు తేదీలు, మూడు రాతలు ఉన్నాయి. "పరిశీలించవలెను." "పరిశీలనలో ఉన్నది." "పరిశీలన ముగిసిన పిదప మరల పరిశీలించవలెను." మూడూ తన రాతే. సెలవురోజు సరదాకు సర్కారు ముద్ర వాడినట్టు పైకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. కిందికి ఉరుకుదామంటే దారినిండా గడ్డపారలు పట్టుకున్న జనం.

"మెల్లగా ఆ పొదల వెంబడి పోదాం" అన్నాడు లేస్తూ.

పొదల దగ్గర ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు ఓబులమ్మ. అంత ఎత్తు ఎలా ఎక్కిందో గాని చంకలో ఖాళీ కడవ కూడా ఉంది.

"యాడికి పోతాండావు నాయనా?" అంది.

"ఎక్కడికీ లేదవ్వా. ఊరికే."

"నీళ్ళు పడితే మొదటి కడవ నాదే కావాలని తెచ్చుకున్నా. రెండు మైళ్ళు పోయి వంకలో చెలమ తోడుకుంటే ఒక కడవకు ఒక పూట పడతాది. పోయిన ఏడు మా కోడలు ఆ చెలమలో జారిపడి కాలు ఇరిగింది. ఇప్పుడది నడవలేదు, నేను మోస్తాండా. అర్జీలు శానా పెట్టుకున్నాం. ఎవురూ రాలే. నువ్వొచ్చినావు." ఆమె ఆయన ముఖంలోకి చూసి, "నీకు ఆయాసంగా ఉండాది. కూచో నాయనా" అని పక్కన చోటు చూపించింది.

ప్రాణేశరావు కూర్చోలేకపోయాడు. పారిపోలేకపోయాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అవ్వా, నేనొచ్చింది బావికి కాదు" అని చెప్పేయాలనుకున్నాడు. "అవ్వా, నేనూ..." అన్నాడు.

సరిగ్గా అప్పుడు కొండ పైనుంచి ఒక అరుపు వినబడింది. "హో... హోహో... హా!" దాని వెనకే ఏదో పెద్ద బరువు నీళ్ళలో పడ్డ చప్పుడు.

"ఎలుగొడ్డు!" అన్నారు జనం. పలకలు ఆగిపోయాయి. పైన వాననీళ్ళు నిలిచే రాతిదోన ఉందనీ, ఎండాకాలంలో కూడా అందులో నడుములోతు నీళ్ళుంటాయనీ, ఎక్కి మోసుకురావడం ఆడవాళ్ళవల్ల కాదనీ, నాలుగు దినాలుగా అక్కడ ఏదో దూరి అరుస్తూ ఉంటే మేకలవాళ్ళు కూడా పోవడం మానేశారనీ కరణం ఒక్క ఊపిరిలో చెప్పి, ప్రాణేశరావు వెనక నిలబడ్డాడు. చూస్తుండగానే నూటయాభై మందీ ఆయన వెనకే నిలబడ్డారు. కొండమీద ఆయనకు ముందు ఇక ఎలుగొడ్డు తప్ప ఎవరూ లేరు.

"సర్కారు మనిషి ముందుండాల గదా సామీ" అన్నాడు తిమ్మన్న వెనకనుంచి.

ప్రాణేశరావు పంగల కర్ర ముందుకు చాచి కదిలాడు. ఒక పక్క గౌస్ పీర్, ఇంకో పక్క బొజ్జన్న. బొజ్జన్న బిళ్ళను గుండెమీదికి జరుపుకున్నాడు, ఎలుగొడ్డు చూసి గుర్తుపడుతుందేమోనని. పెద్ద గుండు చాటున ముగ్గురూ తలలెత్తి చూశారు.

దోన పక్కన చాప పరిచి ఉంది. చాప మీద దిండు, గొడుగు, బనగానపల్లె మామిడిపళ్ళ బుట్ట ఉన్నాయి. దోనలో చతికిలబడి మెడదాకా మునిగి, నెత్తిన తడితువాలు వేసుకుని, ఒక పండు చీకుతూ మహానందయ్యగారున్నారు. చీకడం అయిపోగానే టెంక విసిరేసి, ముక్కు పట్టుకుని మునిగి, లేచి, "హో... హోహో... హా!" అన్నారు. కళ్ళు తెరిచారు. ఎదురుగా తన హెడ్ గుమాస్తా.

తహసీల్దారు గడ్డంమీదనుంచి మామిడిరసం కారుతూ ఉంది.

"అయ్యగారూ, తమరికి కామెర్లు..." అన్నాడు ప్రాణేశరావు.

"తగ్గినాయి" అన్నాడాయన. తరవాత కచేరి గొంతు గుర్తుకొచ్చి, "మీరిక్కడ ఏం చేస్తాండారు? ఎవరి అనుమతితో వచ్చినారు?" అన్నాడు.

"కల్లూరు పసరు శానా మంచిది సార్" అన్నాడు గౌస్ పీర్ చేతులు కట్టుకుని. "ఒక్క చుక్కతో మనిషిని ఇంత దూరం నడిపించింది."

మహానందయ్య ఇంకో రెండంగుళాలు నీళ్ళలోకి దిగాడు. ఇంతలో గుండు వెనక గడ్డపారల చప్పుడయింది. "పట్టినారా సామీ?" అంటూ జనం ఎగబడి వస్తున్నారు.

ప్రాణేశరావు జీవితంలో పరిశీలించకుండా చేసిన పని అదొక్కటే. గిరుక్కున వెనక్కి తిరిగి, చేతులు చాచి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"ఊటపల్లె ప్రజలారా! ఎలుగొడ్డు కాదు. మన తహసీల్దారుగారు! ఒంట్లో జబ్బున్నా లెక్కచేయకుండా, మీ బావి కోసం నాలుగు దినాలనుంచి ఈ కొండమీద ఒంటరిగా ఉండి, నీళ్ళెక్కడ ఉన్నాయో స్వయంగా దిగి చూస్తున్నారు!"

కరణం చిదంబరయ్య మొట్టమొదట సాష్టాంగపడ్డాడు. ఆయన వెనక ఊరంతా పడింది. పలకలు మోగాయి. ఎవరో ప్రాణేశరావు టోపీమీది గన్నేరు దండ లాగి తహసీల్దారు మెడలో వేశారు. నీళ్ళలో ఉన్నాడు కాబట్టి దండ తేలింది.

"ఏమిటిది?" అన్నాడు మహానందయ్య పళ్ళ మధ్యనుంచి.

"సంతకం పెట్టండి అయ్యగారూ" అన్నాడు ప్రాణేశరావు కూడా పళ్ళ మధ్యనుంచే. "బావి మంజూరని ఒక్క మాట. తమరి సెలవుచీటీ నా బల్లమీదే ఉంది. నేను పరిశీలించను."

తహసీల్దారు తువాలు బిగించుకుని దోనలోనుంచి లేచాడు. బొజ్జన్న వంగాడు. అతని వీపుమీద అర్జీ పరిచారు. పాత రాతలు మూడింటి కింద "మంజూరు. వెంటనే తవ్వవలెను" అని రాసి, కింద సంతకం పెట్టేసరికి కాగితం సగం తడిసింది. ముద్ర ఎలాగూ ముందే ఉంది.

"మరి యాడ తవ్వాల? రెండోకాడనా, నాలుగోకాడనా?" అని తిమ్మన్న మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రాణేశరావు తహసీల్దారు వైపు చూశాడు. తహసీల్దారు మామిడిపళ్ళ బుట్ట వైపు చూశాడు. గౌస్ పీర్ మాత్రం గుండుకు ఆనుకుని నిలబడ్డ ఓబులమ్మ దగ్గరికి పోయి, "నువ్వేమంటావవ్వా?" అని అడిగాడు.

"దోన పొంగితే ఆ నీళ్ళు దిగేది మా ఊరి తూర్పు వంకలోకి. ఆ వంక మలుపుకాడ తంగేడుచెట్లు ఎండాకాలమంతా పచ్చగా ఉంటాయి. ఆడ తవ్వితే పడతాయి" అంది ఆమె.

"మరి ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవురడిగినారు?"

సాయంకాలమయ్యేదాకా ఊరివాళ్ళు ఎవరినీ కిందికి దిగనివ్వలేదు. దోన పక్కన పొయ్యి పెట్టి సంగటి కెలికారు, చెనక్కాయల చెట్నీ నూరారు. మూడు మూటలూ అందరి మధ్యకు పోయి ఎవరిది ఎవరిదో తెలియకుండా పోయాయి. గౌస్ పీర్ రొట్టె ఒకటి ప్రాణేశరావు చేతిలో ఉంది, అదెలా వచ్చిందో ఆయన ఎవరినీ అడగలేదు. పొద్దు వాలగానే నిజంగానే గాలి వచ్చింది. గౌస్ పీర్ చొక్కా గుండీలు విప్పి దానికెదురుగా నిలబడి, దీపాలు పెట్టేవేళదాకా అక్కడే ఉండిపోయాడు. తహసీల్దారూ హెడ్ గుమాస్తా ఒకే చాప మీద చెరో అంచున కూర్చుని, ఒకరికొకరు మామిడిపళ్ళు అందించుకుంటూ, ఒకరి కళ్ళలోకి ఒకరు చూడకుండా జాగ్రత్తపడ్డారు.

మరునాడే తూర్పు వంక మలుపులో గడ్డపార దిగింది. ముప్పై అడుగులకు నీళ్ళు పడ్డాయి. మొదటి కడవ ఓబులమ్మ తీసుకుంది. రెండో కడవ ఎవరిదనే విషయంమీద పైవీధీ కిందివీధీ నెలరోజులు మాట్లాడుకోలేదు.

కచేరిలో ఎవరూ ఆ కొండ మాట ఎత్తలేదు. మహానందయ్యకు కామెర్లు వచ్చాయని గాని, తగ్గాయని గాని ఏ కాగితంలోనూ లేకుండా పోయింది. ప్రాణేశరావు తన బల్ల వెనక కట్టలన్నీ విప్పి, పాత అర్జీలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. అంతా సద్దుమణిగిందనుకున్న వేళకు, జూన్ మొదటి వారంలో జిల్లా కచేరినుంచి ఒక లకోటా వచ్చింది. కరణం చిదంబరయ్య పట్టలేని సంతోషంతో పై అధికారులకు అంతా రాసి పంపాడు.

తహసీల్దారు లకోటా విప్పి, రెండు వాక్యాలు చదివి, మిగతాది హెడ్ గుమాస్తాకిచ్చి, కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. మండుటెండలో కొండలెక్కి ప్రజల నీళ్ళ కష్టాన్ని స్వయంగా పరిశీలించిన ఈ ఇద్దరు ఉద్యోగులనూ పైవారు ఎంతగానో మెచ్చుకున్నారు. తాలూకాలో నీళ్ళు లేని ఊళ్ళు ఇంకా పదకొండు ఉన్నాయనీ, ప్రతి ఊరికీ పక్కన ఒక కొండ ఉన్నదనీ, వీరిద్దరూ ఆ పదకొండూ అదే విధంగా కాలినడకన ఎక్కి పరిశీలించాలనీ ఉత్తరువు చేశారు. కచేరి పనికి అంతరాయం కలగకూడదు గనుక ఈ క్యాంపులన్నీ ఆదివారాల్లోనే జరపవలెనని చివర రాసి ఉంది.